మెడ దాకా గీసిన మనిషి

మోరికుబో గారు ఇరవై రెండేళ్ళుగా పెద్దవాళ్ళని మెడ దాకానే గీశారు.

టీవీకి మేం తీసే యానిమేషన్‌లో, పద్నాలుగేళ్ళ పిల్లలు మాయమైపోయే కథల్లో అమ్మానాన్నలకు మొహాలుండవు. ఏప్రన్ కట్టుకున్న నడుము ఒకటి ముల్లంగి తరుగుతుంది. ఆఫీసు బ్యాగు పట్టుకున్న చెయ్యి ఒకటి గుమ్మంలో బూట్లు విప్పుతుంది. "వచ్చావా, చేతులు కడుక్కో" అని గొంతు వినిపిస్తుంది. మెడ దగ్గరికి వచ్చేసరికి తెర అంచు వాళ్ళని కోసేస్తుంది. మొహం లేకపోతే పెదవులు కదపక్కర్లేదు, బోలెడు బొమ్మలు ఆదా అవుతాయి. అది మా పనివాళ్ళ తెలివి. చూసే పిల్లలకి మాత్రం అది తెలివిలా కనిపించదు. ఇంట్లో ఉండీ లేనట్టుండే మనిషిని వాళ్ళు వెంటనే గుర్తుపడతారు.

స్టూడియోలో ఆయన బల్ల వేడినీళ్ళ కెటిల్ పక్కన ఉండేది. నూడిల్స్ కప్పులో నీళ్ళు పోసుకోవడానికి వచ్చిన ప్రతివాడూ ఒక మాట విసిరేవాడు.

"ఏం మోరికుబో గారూ, ఇవాళైనా ఎవరికైనా తలకాయ మొలిచిందా?"

"జీతం పెరిగితే మొలుస్తుందయ్యా" అనేవారు ఆయన, కాగితం మీంచి కళ్ళెత్తకుండా.

నేను నేపథ్యాలు వేస్తాను. పేరు హతోరి. మనుషులు ఆయనవి, గదులు నావి. ఇలాంటి కథలకి కొన్ని పద్ధతులున్నాయి, మేం వాటిని ఎన్నడూ గోడమీద రాసుకోలేదు, చేతులకే తెలుసు. కథలోని పిల్ల సీటు కిటికీ వరసలో చివరినుంచి రెండోదై ఉండాలి. కీచురాళ్ళు ఉన్నట్టుండి ఆగాలి. రైల్వే గేటు ఇద్దరు స్నేహితుల మధ్య దిగాలి, రైలు వెళ్ళిపోయాక అవతల ఎవరూ ఉండకూడదు. బడి మేడ మీది తలుపుకి తాళం ఉండకూడదు, నిజం బళ్ళలో ఎప్పుడూ ఉంటుంది. మాయమయ్యే పిల్ల ముందురోజు నవ్వుతూ "రేపు కలుద్దాం" అనాలి. ఆ తర్వాత మూడు సెకన్లు ఏమీ జరగకూడదు. ఖాళీ వరండా, చుక్క చుక్కగా కారే కొళాయి, నేల మీద ఎండ. జనం చూసేది ఆ మూడు సెకన్ల కోసమేనని మా డైరెక్టర్ ఉగాజిన్ గారు అంటుంటారు. ఆ మూడు సెకన్లు నావి.

ఆ ఏడు మేం చేసిన ధారావాహిక పేరు 'ఐదు గంటల తరగతి'. అందులో ఎవరు మాయమైనా వాళ్ళ బల్ల మీద ఒక పాలసీసా కనిపిస్తుంది, అందులో తెల్ల చామంతులు. మా దేశంలో చదువుకునే పిల్ల చనిపోతే ఆ బల్ల మీద పూలు పెట్టడం మర్యాద. బతికున్న పిల్ల బల్ల మీద పెట్టడం మా బళ్ళలో అందరూ ఎరిగిన క్రూరత్వం. ఆ సీసాకి ఒక నియమం తగిలించింది మోరికుబో గారే: దాన్ని ఎవరు ముట్టుకుంటారో, ఆ సాయంత్రం ఐదింటికి వీధి మైకులో పిల్లల్ని ఇళ్ళకి పొమ్మనే పాట మోగగానే వాళ్ళూ మాయమవుతారు. సమావేశంలో ఆయన ఈ మాట చెప్పినప్పుడు గదిలో అందరం చేతులు రుద్దుకున్నాం. ఉగాజిన్ గారు బల్ల చరిచారు. "ఇదీ! దీనికి పిల్లలు నిద్రపోరు."

తరగతి గదికి నమూనా ఎక్కణ్ణించి తేవాలన్నది తర్వాతి ప్రశ్న. జూన్‌లో తల్లిదండ్రులు బడికెళ్ళి పాఠం చూసే రోజు వచ్చింది. మోరికుబో గారి అమ్మాయి కొజుయే అప్పటికి ఎనిమిదో తరగతి. చిన్న బడి మొదలైన నాటినుంచీ ఆ రోజుకి వెళ్ళింది వాళ్ళమ్మ సనాయే ఒక్కతే. ఈసారి ఆయనే వెళ్తానన్నారు. కొజుయే ముందు రాత్రి తన యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకుందట.

ఆయన కెమెరా తీసుకెళ్ళారు. గంట అయిపోయాక నలభై ఆరు ఫొటోలు తీశారు. కిటికీ వరస, చివరినుంచి రెండో సీటు. అది కొజుయేదే. ఆమె అక్కడే, బల్ల పక్కన, ఎర్రబడిన చెవులతో నిలబడి ఉంది. ఆయన కెమెరాలోంచి చూస్తూ, "కాస్త పక్కకి జరుగుతావా, అడ్డొస్తున్నావు" అన్నారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె జరిగింది.

ఆ ఫొటోలు చూసి గది వేసింది నేను. శబ్దం రాకుండా బల్లకాళ్ళకీ కుర్చీకాళ్ళకీ పాత టెన్నిస్ బంతులు తొడుగుతారు. కొజుయే కుర్చీకి మూడు పసుపువి, ఒకటి గులాబీ రంగుది. ఎంత బాగుందో ఆ గులాబీ అనుకున్నాను. ఎండ పడే వైపు దాన్ని కొంచెం వెలిసినట్టు వేశాను. దానికి ఉగాజిన్ గారు నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ సీటు పిల్ల మాయమయ్యే ఏడో భాగం నవంబరు నడుమ ప్రసారమైంది. శుక్రవారం అది వచ్చింది, సోమవారం కొజుయే బల్ల మీద పాలసీసా ఉంది.

పిల్లలు ఆ గులాబీ బంతిని గుర్తుపట్టారు.

కొజుయే తలుపు దగ్గరే ఆగి, సీసాని చూసి, బడి చెప్పులు విడిచి బూట్లు వేసుకుని ఇంటికి వచ్చేసింది. తన గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. క్లాసు టీచరు నెమొతో గారు సీసా తీసి అవతల పెట్టారు, పిల్లలందరినీ నిలబెట్టి చీవాట్లు వేశారు. మర్నాటికి ఆవిడకి నూట నాలుగు డిగ్రీల జ్వరం. వారం రోజులు సెలవు. ఆ వారంలో బల్ల మీదికి మరో సీసా వచ్చింది. బదులుకొచ్చిన టీచరు దాని జోలికి పోలేదు. పిల్లలు అసలే పోలేదు. తిరిగొచ్చాక నెమొతో గారూ పోలేదు. మొదట ఎవరు పెట్టారో కానీ, ఇప్పుడది ఎవరిదీ కాదు.

మూడు వారాలు. అన్నం పళ్ళెం గుమ్మంలో పెడితే సగం ఖాళీ అయ్యేది. మొదట్లో తలుపు వెనక అడుగుల చప్పుడు వినబడేది, తర్వాత అదీ తగ్గింది. ఒకరోజు తలుపు కిందినుంచి చీటీ వచ్చింది. "సీటు ఉంది కదా. నేనక్కర్లేదు." అంతే రాసింది. సనాయే ఆ చీటీని రెండుసార్లు చదివి, మడిచి, మధ్యాహ్నం మనిషిని పిలిపించి బాల్కనీ తలుపుకి కొత్త తాళం వేయించింది. వాళ్ళది ఐదో అంతస్తు. ఎందుకని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇద్దరూ తాళంచెవి ఎక్కడ దాచాలా అని ఇల్లంతా చూశారు.

ఇదంతా ఆయన నాకు చెప్పింది కెటిల్ పక్కన, నీళ్ళు మరిగేలోపు. ఇంటి సంగతులు బల్ల దగ్గరికి తేకపోవడం మా దగ్గర మర్యాద. ఆయన ఆ మర్యాద తప్పారంటేనే నాకు భయమేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. "గులాబీ చాలా బాగా వేశారు, హతోరి గారూ" అన్నారు. నేను చేతిలో కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

డిసెంబరు మొదటి శుక్రవారం ఉదయం చివరి భాగం షాట్లు బొమ్మల్లో వేసుకున్న స్టోరీబోర్డు మీద సమావేశం. మోరికుబో గారు ఒక కాగితం తీసి ఉగాజిన్ గారి ముందు పెట్టారు.

"ఒక్క షాట్ మార్చండి. ఎవరో ఒకరు సీసా తీస్తారు. పాట మోగుతుంది. ఏమీ కాదు."

"ఏమీ కాదా?"

"ఏమీ కాదు. ఆ మనిషి అక్కడే ఉంటాడు."

ఉగాజిన్ గారు నవ్వారు. "పన్నెండు వారాలు భయపెట్టి చివర్లో 'ఉత్తిదేలే, పోండి' అంటే జనం మన మొహాన ఉమ్ముతారయ్యా."

"ఉమ్మనివ్వండి."

"నీకేమన్నా మతి పోయిందా? నియమం ఎవరిది? నీదే. సీసా నీది, పాట నీది. ఇలాంటి కథలో మొదట చెప్పిన నియమాన్ని చివర్లో తప్పితే కథ మిగలదు. ఆ సంగతి నాకు నేర్పింది నువ్వే."

"నాదే. అందుకే అడుగుతున్నాను."

అని మోరికుబో గారు కుర్చీలోంచి దిగి నేలమీద మోకాళ్ళూని, నుదురు నేలకి ఆనించారు. వైర్ల మధ్య, పెన్సిలు పొట్టులో. ఎవరి చూపులు వాళ్ళ కాగితాల్లోకి పోయాయి.

"లే, లేవయ్యా బాబూ, ఏంటిది…" ఉగాజిన్ గారి గొంతులో నవ్వు పోయింది. "నీ కూతురి సంగతి హతోరి చెప్పింది. నిన్న రాత్రంతా నేనూ అదే ఆలోచించాను. సరే, మారుస్తాననుకో. ప్రసారం మూడు వారాల తర్వాత. అప్పటిదాకా ఆ అమ్మాయి ఏం చేస్తుంది? నువ్వు గీసిన మనిషి వచ్చి తీస్తే ఆ బళ్ళో సీసా లేస్తుందా?"

మోరికుబో గారు తలెత్తారు. నుదుటికి పెన్సిలు పొట్టు అంటుకుని ఉంది. లేచారు, కోటు తీసుకున్నారు. మిట్టమధ్యాహ్నం ఆయన స్టూడియో మెట్లు దిగడం ఇరవై రెండేళ్ళలో నేను చూడలేదు.

ఆ తర్వాత జరిగింది ఆయన చెప్పగా విన్నదే.

బడిలో పేరు రాయించుకుని, వచ్చినవాళ్ళకిచ్చే ఆకుపచ్చ చెప్పులు వేసుకున్నారు. మడమలు బయటికి వచ్చేంత చిన్నవి. రెండో అంతస్తుకి వెళ్ళేసరికి పిల్లలు గదులు తుడుచుకునే సమయం. బల్లలన్నీ వెనక్కి నెట్టి ఉన్నాయి. ఒక్కటి తప్ప. కిటికీ పక్కన, కడిగిన నేల నడుమ, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక సీసా. తుడిచినవాళ్ళు దాని చుట్టూ తుడిచారు. దాని కింద ధూళి చతురస్రంగా మిగిలిపోయింది. చలికాలపు పల్చటి ఎండ సీసాలోని నీళ్ళలో పడి పైకప్పు మీద వణుకుతోంది.

"ఒక్క క్షణం ఫ్రేమ్ ఎంత బాగుందో అనుకున్నాను, హతోరి గారూ" అన్నారు ఆయన. "నేనెన్నడూ అంత బాగా పెట్టలేదు. అనుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది."

ఆయన బల్ల వైపు నడిచారు. చీపురు పట్టుకున్న అమ్మాయి ఒకతె అడ్డం వచ్చింది.

"అంకుల్, అది ముట్టుకోకండి."

"నేను కొజుయే వాళ్ళ నాన్నని."

"తెలుసు. ఆ రోజు ఫొటోలు తీశారుగా. అయినా ముట్టుకోకండి. నెమొతో టీచరు ముట్టుకున్నారు, మర్నాడే మంచాన పడ్డారు."

"అది ఫ్లూ అమ్మా."

"ఫ్లూ అనే చెప్పారు" అంది ఆ అమ్మాయి, అలా కాక ఇంకేం చెప్తారు అన్నట్టు.

గదిలో బక్కెట్ల చప్పుడు ఆగిపోయింది. వాళ్ళు చెడ్డపిల్లల్లా లేరట. చలికి ఎర్రబడిన వేళ్ళతో తడిగుడ్డలు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారట. వాళ్ళకీ ఆ గది నరకమైపోయిందని ఆయనకి అప్పుడు తెలిసింది.

"ఈ నియమం పెట్టింది నేను" అన్నారాయన. "ఒక హోటల్లో కూర్చుని, చల్లారిపోయిన బంగాళాదుంప వేపుడు తింటూ పెట్టాను. సగం ముక్క నోట్లో ఉండగా తట్టింది. దీన్లో అంతకుమించి ఏమీ లేదు."

వెనకనుంచి ఎవరిదో గొంతు. "మరి మీరింకా ముట్టుకోలేదేం?"

ఆయన ఒట్టి చేత్తోనే సీసా ఎత్తారు. గదంతా ఊపిరి లోపలికి పీల్చుకుంది. సీసా అడుగున బల్ల మీద ఉంగరంలాంటి తడి మచ్చ ఉంది. ఆయన దాన్ని చొక్కా చేతితో తుడిచారు.

తలుపు దాకా వచ్చాక ఆ చీపురు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అంకుల్, సాయంత్రం పాటప్పుడు ఒక్కరే ఉండకండి. ఎవరైనా పక్కనుంటే… ఏమో. ఒక్కరే మాత్రం ఉండకండి."

ఆయన వరండాలో నిలబడి వెనక్కి చూశారు. ఇద్దరమ్మాయిలు ఆ బల్లని చెరోవైపూ పట్టుకుని మిగతావాటి దగ్గరికి తోస్తున్నారు. బంతుల వల్ల చప్పుడేమీ రాలేదు.

రైల్లో ఆయన పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది. పాలసీసాలో తెల్ల చామంతులు ఒళ్ళో పెట్టుకున్న మనిషి పక్కన ఎవరు కూర్చుంటారు? రైలు దిగాక రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, కొన్నివందల సార్లు బొమ్మల్లో మోగించిన ఆ గంట శబ్దం నిజంగా ఎంత పెద్దదో విన్నారట. గేటు అవతల ఒక ముసలావిడ సైకిలు పట్టుకుని ఉంది. రైలు పోయాక కూడా ఉంది. ఆయనకి ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇంట్లో ఎవరూ లేరు. సనాయే భోజనాల పొట్లాలు కట్టే కొట్టులో పని చేస్తుంది, ఆరింటికి గానీ రాదు. ఆయన సీసాని పక్కన పెట్టుకుని కూతురి తలుపు ముందు నేలమీద కూర్చున్నారు.

"కొజుయే. నాన్నని."

ఆయన తలుపు మెల్లగా తట్టారు.

"సీసా తెచ్చేశాను."

తొమ్మిది రోజుల్లో మొదటిసారి లోపలినుంచి గొంతు వినిపించింది. బొంగురుపోయి ఉంది. "ఎవరు తీశారు?"

"నేనే."

"చేత్తోనా?"

"చేత్తోనే."

"గుడ్డ అడ్డం పెట్టుకున్నావా?"

"లేదు."

దుప్పటి కదిలిన చప్పుడు. "టైమెంతైంది?"

"నాలుగు ఇరవై. ఫరవాలేదు, మీ నాన్నకి ఇంకా నలభై నిమిషాల ఆయుష్షుంది" అన్నారు, నవ్వించబోయి.

లోపల ఏదో దబ్బున పడింది. "నాలుగున్నరకే నాన్నా! చలికాలం నాలుగున్నరకే మోగుతుంది. ఎప్పుడూ అంతే. నీకు తెలీదా?"

ఆయనకి తెలీదు. ఏడాదిపాటు ఆ పాటని బొమ్మ బొమ్మకీ కొలిచి గీసిన మనిషికి, కథలో ఎప్పుడూ వేసవే కాబట్టి, ఐదు గంటలే తెలుసు. ఆ వేళకి ఆయన తమ ఊళ్ళో ఏనాడూ లేరు.

గొళ్ళెం తీయడం రాలేదు ఆమెకి. మూడు వారాలుగా బిగుసుకుపోయిందో, వేళ్ళు తడబడ్డాయో. "ఆగు, ఆగు, ఎక్కడికీ వెళ్ళకు" అంటూనే ఉంది. తలుపు తెరుచుకుంది. జుట్టు అట్టకట్టి, యూనిఫాం మీదే స్వెట్టరు వేసుకుని, సన్నబడి ఉంది. ఆయన మొహం వైపు చూడకుండా వచ్చి నేలమీద కూర్చుని, ఆయన కోటు చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది.

"నాకు నమ్మకం లేదు" అంది. "ఊరికే వచ్చాను."

"తెలుసు."

వీధి స్తంభం మీది మైకు గరగరలాడింది. పాట మొదలైంది. ఐదో అంతస్తు దాకా ఎక్కేసరికి దాని మాటలు చెదిరిపోయి, పక్కవీధి మైకు అర క్షణం ఆలస్యంగా అదే పాట అందుకుని, ఊరంతా రెండుగా పాడింది. కిటికీలో వెలుగు నారింజ తొక్కలా ఉంది. ఆమె పట్టు ఎంత గట్టిదంటే కోటు భుజం దగ్గర కుట్టు విడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

పాట అయిపోయింది.

"ఉన్నావ్" అంది ఆమె.

"ఉన్నాను."

ఆయన లేవబోతే లాగి కూర్చోబెట్టింది. "నాలుగున్నర ఊరిది. నువ్వు గీసింది ఐదు కదా. ఐదు కూడా దాటాలి."

అలా ఇంకో అరగంట కూర్చున్నారు. దీపం ఎవరూ వెయ్యలేదు. చీకటి పడుతుండగా ఆమె అడిగింది.

"ఆ రోజు నన్నెందుకు జరగమన్నావు?"

ఆయన అబద్ధం వెతికారట. దొరకలేదు. "సీటు ఖాళీగా కావాలి, అందుకు."

"ఇప్పుడు ఖాళీగానే ఉంది."

"ఊఁ."

"నేనక్కడే నిలబడ్డాను నాన్నా. నన్ను చూడ్డానికొచ్చావనుకున్నాను."

చీకట్లో ఆమె అప్పటికి ఆయన మొహం వైపు తిరిగింది. చాలాసేపు చూసింది, పేరు గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

"పొట్టు అంటుకుంది" అని ఆయన నుదురు తుడిచింది.

గోడ గడియారంలో ఐదైంది. ఏ పాటా మోగలేదు. వంటింట్లో కొళాయి ఒక చుక్క వదిలింది, ఇంకొకటి, ఇంకొకటి. ఎవరూ మాయం కాలేదు.

"నా బల్ల ఎక్కడుంది?"

"వెనక్కి తోశారు. మిగతావాటితోపాటు."

"ఎవరు?"

"ఇద్దరమ్మాయిలు. చీపుళ్ళు పట్టుకున్నవాళ్ళు."

"పేర్లు?"

"అడగలేదు."

"నువ్వేదీ అడగవు" అని ఆమె లేచి, చామంతుల్ని చెత్తబుట్టలో వేసి, సీసాని వంటింట్లోకి తీసుకెళ్ళింది. కొళాయి చాలాసేపు పారింది. అడుగున పట్టిన పచ్చటి పాకుడు పోయేదాకా తోమింది.

"ఇది బడిలో పాలిచ్చే సీసా. అక్కడే తిరిగివ్వాలి."

"సోమవారం నేనిచ్చి వస్తాలే."

ఆమె సీసాని బోర్లించి గుడ్డ మీద ఆరబెట్టింది. చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడింది.

"ఉంచు" అంది. "సోమవారం నేనే వెళ్ళి ఇస్తానో లేదో, ఇంకా తెలీదు."